పాత మిషను, కొత్త డాస్

"బోరిక్ పౌడరా అత్తయ్యగారూ?" అంది హన్నా.

"బోరిక్ పౌడరే. ముందు స్పిరిట్‌తో తుడిచేను. తడారేక పౌడరు అద్దేను. తామర పట్టినా అంతే చేస్తాం కదే అమ్మాయ్" అంది సరోజిని.

భోజనాల బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి ఉంది. దాని మీద ఇంట్లో ఉన్న పాత ఫ్లాపీలన్నీ వరసగా పడుకుని ఉన్నాయి. ఉద్యోగమంతా ఆసుపత్రి వార్డుల్లో గడిపి రిటైరైన నర్సు వేసిన వరస అది. ఎక్కడా వంకర లేదు. ప్రతి ఫ్లాపీకీ నల్లటి ఒంటి నిండా పౌడరు సమంగా అద్ది ఉంది. నడుమ ఉన్న గుండ్రటి కన్నంలోకి కూడా మరిచిపోకుండా అద్దింది.

ముసురు పట్టిందంటే కోనసీమలో బూజు పట్టని వస్తువుండదు. చెప్పులకు పడుతుంది, పెళ్ళి ఫోటోలకు పడుతుంది, బీరువాలోని పట్టుచీరలకూ పడుతుంది. ఫ్లాపీలకు పట్టిందంటే వింత కాదు. దానికి వైద్యం చేయొచ్చని ఒక మనిషికి తోచడమే వింత.

హన్నా ఒక ఫ్లాపీ తీసి దులిపింది. పౌడరు ఆమె చీర మీద రాలింది. నడుమ వేలు పెట్టి తిప్పితే లోపల గరగరమంది.

"పాత డాస్ ఉన్నది ఇదేనాండి?"

"ఏది ఏదో నాకేం తెలుసు? అన్నిటికీ ఒక్కలాగే పట్టింది, అన్నిటికీ ఒక్కలాగే చేసేను."

"ఓ మాట అడగాల్సిందండి."

"ఎవర్నడగను? నువ్వు వాడితో మాట్లాడవు. వాడు నీతో మాట్లాడడు. ఇంట్లో ఉన్నది మీరిద్దరూ, నేనూను."

హన్నా ఆ ఫ్లాపీని మళ్ళీ వరసలో పెట్టింది.

వీధి గదిలోంచి సత్యానందం వచ్చాడు. చేతిలో నల్లబడ్డ దూది ఉంది. ఇందాక చూసుకోకుండా ఒక పౌడరు ఫ్లాపీని కంప్యూటర్ డ్రైవులో పెట్టింది అతనే. అది కీచుమని అరవబట్టే సంగతి బయటపడింది.

"డ్రైవు తుడిచేనమ్మా. దానికేం కాలేదు" అన్నాడు, తల్లి వైపు చూస్తూ.

"దేంతో తుడిచేవురా?"

"స్పిరిట్‌తో."

"మరి నేను తుడిచిందీ దాంతోనే కదా!"

సత్యానందం టెలిఫోన్స్‌లో ఇంజనీరు. బదిలీ కాగితం వచ్చి భార్యాభర్తలకు మాట చెడినప్పటి నుంచి ఇంట్లో కూడా ఒక ఎక్స్ఛేంజి నడుస్తోంది. ఇటు మాట అటూ, అటు మాట ఇటూ కలిపే ఆపరేటరు సరోజిని. జీతం లేని ఉద్యోగం కాబట్టి ఆమె అప్పుడప్పుడూ విసుక్కుంటుంది.

బదిలీ అమలాపురం నుంచి అనంతపురానికి. సాయంత్రం బస్సుకు రాజమండ్రి వెళ్ళి సత్యానందం రైలు టిక్కెట్లు తీసుకురావాలి. ఒకటా, రెండా అన్నదే ఇంకా తేలలేదు.

హన్నా రానంది. వీధి గదిలో తను నడిపే కంప్యూటర్ సెంటరు ఉన్నంతకాలం రానంది. ఆ సెంటరు ఉంటుందో పోతుందో సోమవారం తేలుతుంది. రాజమండ్రి నుంచి గుర్తింపు ఇచ్చే పెద్ద సెంటరు తరఫున ఎగ్జామినరు వస్తాడు. విద్యార్థుల్ని ఒక్కొక్కరినే మిషను ముందు కూర్చోబెట్టి ఒక ఉత్తరం టైపు చేయిస్తాడు. ఈ ఏడు పరీక్ష కొత్త డాస్ మీదే జరగాలని రాశారు. అది ఉన్న రెండు కొత్త ఫ్లాపీలు కూడా పంపారు. కొత్త డాస్ లేని సెంటరుకు గుర్తింపు రద్దు.

డాస్ అంటే కంప్యూటర్‌కు నడకా నడతా నేర్పేది. అది లేకపోతే అంత ఖరీదైన వస్తువూ కరెంటు తినే పెట్టె. వీధి గదిలో ఉన్న పెట్టెను విశాఖపట్నంలో ఒక కంపెనీ వాళ్ళు వాడి వాడి వదిలించుకుంటే సత్యానందమే కొనుక్కొచ్చాడు. స్విచ్చి వేసి, వంటింట్లోకెళ్ళి టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడుక్కుని వస్తే అప్పటికి అది లేస్తుంది. కొన్న కొత్తలో పాస్టరుగారు వచ్చి దాని మీద చెయ్యి పెట్టి దీర్ఘాయుష్షు కోసం ప్రార్థన చేశారు. వేగం సంగతి కూడా అడగమనడం ఎవరికీ తట్టలేదు.

"ఇప్పుడేం చేస్తార్రా మరి?" అంది సరోజిని.

"మార్చకూడదమ్మా. పాత డాస్ ఇప్పుడు మిషను లోపల ఉన్నదొక్కటే. దాన్ని తీసి కొత్తది ఎక్కించేమనుకో, అది నడవకపోతే వెనక్కి రావడానికి దారి లేదు. దారంతా నువ్వు పౌడరు కొట్టేవు."

"నేను మంచికే చేసేనురా."

"చెడ్డకని ఎవరన్నారు? ఈ మిషనుకున్న మెమరీ గుప్పెడు. కొత్త డాస్ లావుపాటిది. అదొచ్చి కూర్చున్నాక ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాంకి చోటు చాలదు. నూటికి తొంభై పాళ్ళు చాలదు."

"మార్చకపోతే సోమవారం సెంటరు మూయించేస్తారని చెప్పండి అత్తయ్యగారూ" అంది హన్నా.

"ఉన్నదున్నట్టు చూపించమను. మిషను చిన్నదండీ, గడువివ్వండని అడగమను."

"ఇంతకు ముందు ఓసారి ఇచ్చేరని చెప్పండి. ఇంక ఇచ్చేది లేదన్నారు."

సరోజిని ఇద్దరి మొహాలూ చూసింది. "నాకు నూకాలమ్మగారికి ఇంజెక్షన్ చేసే వేళయింది. మీరే మాట్లాడుకోండి" అని గొడుగు తీసుకుని ఎదురింటికి వెళ్ళిపోయింది. ఆపరేటరు వెళ్ళిపోయాక లైను వాళ్ళే కలుపుకోవాల్సి వచ్చింది.

ముందు హన్నాయే మాట్లాడింది.

"మీరు వద్దంటారని నాకు ముందే తెలుసండి."

"ఎందుకంటాననుకున్నావు?"

"సెంటరు పోతే నేను మీ వెంట రావాలి కాబట్టి."

"మారిస్తే మిషను పనికిరాకుండా పోతుందని చెబుతున్నాను. అలా పోతే నాకు లాభమే కదా? నాకు లాభం వచ్చే పనిని చెయ్యొద్దంటున్నాను. అదేనా నా తప్పు?"

"మార్చకపోయినా మీకు లాభమే. మారిస్తే మిషను పోతుంది, మార్చకపోతే గుర్తింపు పోతుంది. ఎటు తిరిగినా మీకు లాభమేనండి. అలాంటి మనిషి సలహా నేనెలా తీసుకోను?"

ఆమె లెక్కలో సత్యానందానికి తప్పు దొరకలేదు. ఈ జిల్లాలో ఆ మిషను సంగతి అతనికన్నా తెలిసినవాడు ఆమెకు అందుబాటులో లేడు. తెలిసిన ఒక్కడినీ నమ్మడానికి లేదు.

"ముందు బదిలీకి కర్నూల్లో ఏడాది ఉన్నాం" అంది హన్నా మళ్ళీ. "నేనక్కడ ఏం చేసేనో మీకు గుర్తుందాండి? పొద్దున్న మీరు వెళ్తుంటే తలుపేసేను. సాయంత్రం మీరొస్తే తలుపు తీసేను. ఏడాదంతా అదే చేసేను. ఇక్కడ నన్ను మేడమ్ గారూ అంటారు. మీకు చిన్నదిగా కనిపిస్తుంది. నాకు కాదు."

"నేను చిన్నదన్నానా?"

"అనలేదు. టిక్కెట్లు రెండు తీస్తానన్నారు."

మూడు గంటల బ్యాచికి దుర్గారావు వచ్చాడు. సహకార సంఘంలో గుమాస్తా, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. గేటు దగ్గరే చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, జేబురుమాలుతో తుడుచుకుని గానీ కంప్యూటర్ గదిలో అడుగు పెట్టడు. ప్రతి మీటా నొక్కే ముందు అనుమతి అడుగుతాడు.

"ఎంటర్ నొక్కమంటారాండి మేడమ్ గారూ?"

"నొక్కండి దుర్గారావు గారూ."

"ఆయ్." నొక్కాడు. తెర మీద ఉత్తరం తేలేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "కొత్త డాస్ వస్తుందన్నారు కదండీ. అదొచ్చేక ఈ నేర్చుకున్నదంతా వదిలెయ్యాలాండి?"

"అక్కర్లేదండి. మీరు నేర్చుకున్న కమాండ్లన్నీ అందులోనూ ఉంటాయి."

"మరి మార్చడం దేనికండి?"

హన్నా ఆలోచించింది. "పరీక్షకండి" అంది.

"మా ఆఫీసులోకి వచ్చే నెల మిషను దింపుతున్నారండి. కుర్రాళ్ళంతా కాకినాడ వెళ్ళి నేర్చేసుకున్నారు. సోమవారం నేను గట్టెక్కితే నన్ను ఆ కుర్చీలో ఉండనిస్తారండి. లేకపోతే రికార్డు గదిలో పడేస్తారు. అక్కడ కిటికీ కూడా లేదండి."

"ఎందుకు గట్టెక్కరండీ? మీకు బాగానే వచ్చింది."

"తమరి దయండి. ఇప్పుడు సేవ్ చెయ్యమంటారాండి?"

అతను వెళ్ళాక హన్నా మిషను ఆపింది. తర్వాత పడకగది గుమ్మం దాకా వెళ్ళింది. సత్యానందం సంచీలో బట్టలు సర్దుకుంటున్నాడు.

"ఒకసారి రండి. మారుస్తున్నాను."

"నేను మార్చనా?"

"నేనే మారుస్తాను. మీరు మిషను ముట్టుకోవద్దు. మాట కూడా మాట్లాడొద్దు."

"ఇంకెందుకు నేను?"

"ఎదురుగా కూర్చోండి. మీరు ఎదురుగా ఉంటే నాకు అనుమానం ఉండదు."

ఆ మాట అతనికి తగలాల్సిన చోటే తగిలింది. వచ్చి విద్యార్థులు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు. బయట వాన మళ్ళీ అందుకుంది. బల్ల కింద స్టెబిలైజరు టకటకమంటూ ఎక్కువా తక్కువా వస్తున్న కరెంటును సర్దుకుంటోంది.

పెద్ద సెంటరు వాళ్ళు ఫ్లాపీలతో పాటు చెయ్యాల్సిన పద్ధతి కూడా నాలుగు ముక్కల్లో రాసి పంపారు. హన్నా దాన్ని పక్కన పెట్టుకుని మొదటి ఫ్లాపీ డ్రైవులో తోసింది. స్విచ్చి వేసింది. మిషను తన వేళకు తాను లేచింది. కాగితంలో ఉన్న కమాండు చూసి, అక్షరం అక్షరం సరిచూసుకుని కొట్టింది. ఎంటర్ మీద వేలు పెట్టి ఒక్కసారి భర్త వైపు చూసింది. అతను బెంచీ మీద గీతలు చూస్తున్నాడు. ఆమె నొక్కింది.

డ్రైవు ఎర్ర దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. లోపల ఏదో గీకుతున్నట్టు చప్పుడైంది. పాత డాస్ ఆ చప్పుళ్ళలోనే పోయింది. కొత్త సిస్టం ఎక్కిందని తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది.

హన్నా ఊపిరి వదిలింది. మొహం మీదికి వెలుతురొచ్చింది. ఇన్నాళ్ళ తర్వాత సత్యానందం ఆమె మొహంలో ఆ వెలుతురు చూశాడు. అది తన వల్ల రాలేదని కూడా చూశాడు.

పని అయిపోలేదని అతనికి తెలుసు. ఆ కమాండు సిస్టం సరుకు మాత్రమే ఎక్కిస్తుంది. మనం కొట్టే కమాండ్లు అర్థం చేసుకునే ఫైలు ఒకటి విడిగా ఉంటుంది. దాన్ని ఫ్లాపీ నుంచి ఎవరికి వారు ఎక్కించుకోవాలి. హైదరాబాదు ట్రైనింగులో మొదటి రోజే చెప్పారు. కాగితం రాసినవాళ్ళు అది అందరికీ తెలిసిందేననుకుని వదిలేశారు. హన్నాకు తెలియదు.

సత్యానందం గొంతు సవరించుకున్నాడు. హన్నా తల తిప్పి చూసింది. అతను కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి చూడదగ్గదేమీ లేదు, వానా పక్కింటివాళ్ళ దడీ తప్ప.

ఆమె ఫ్లాపీ బయటకు తీసింది. మిషను ఆపి, మళ్ళీ వేసింది.

మిషను తన మెమరీని తానే లెక్క పెట్టుకుంది. ఒక కూత కూసింది. తర్వాత తెర మీద ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క వచ్చింది. కమాండ్ల ఫైలు పాడైనా పాడై ఉండాలి, లేకపోయినా లేకపోయి ఉండాలని దాని అర్థం. ఆ తర్వాత ఏ మీట నొక్కినా పలకలేదు.

"ఏమైందండీ?"

అతను తెర మీది ముక్క చదువుకున్నాడు.

"ఏవండీ, ఏమైంది ఇది?"

"ఇంకో ఫైలు ఎక్కించాలి."

హన్నా కుర్చీలోనే వెనక్కి తిరిగింది. "మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నేను ఫ్లాపీ తీస్తున్నప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మాట్లాడొద్దన్నావు."

"అందుకేనా చెప్పలేదు?"

స్టెబిలైజరు టకటకలాడింది. ఎదురింట్లోంచి సరోజిని నవ్వు వినబడింది. రెండో పూట ఇంజెక్షన్ కూడా అయిపోయి కాఫీ దగ్గర కూర్చుని ఉంటుంది. సత్యానందం రెండు అరచేతులూ మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు.

"అందుక్కాదు" అన్నాడు. "ఇది లేవకపోతే నువ్వొస్తావనుకున్నాను."

హన్నా బయటకు తీసిన ఫ్లాపీని బల్ల మీద పెట్టింది.

"పొద్దున్న చెప్పింది నిజమే చెప్పేను. మిషనుకు చోటు చాలదనే ఇప్పటికీ అంటాను. ఇందాక మాత్రం... గొంతు దాకా వచ్చిందే. నువ్వు నవ్వినట్టు కనిపించేవు. చెప్పలేకపోయేను. తలుపేసుకుని తలుపు తీసుకోవడమే పనైపోయిందన్నావు కదా, నాకు ఆ తలుపు తీసే మనిషి లేకపోతే చాతకాదు హన్నా. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీసుకుని చీకట్లో స్విచ్చి వెతుక్కోవడం నాకు చాతకాదు."

హన్నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట అడుగున ఎక్కడో జాలి కూడా ఉందని తెలిసి ఆమెకు తన మీద కూడా కోపం వచ్చింది.

"బాగవుతుందా ఇది?"

"ఎంతసేపూ పట్టదు."

"చెయ్యండి."

ఆమె లేచి కుర్చీ ఇచ్చింది. అతను ఫ్లాపీ పెట్టి, ఒక్క కమాండు కొట్టి, ఫ్లాపీ తీసి మిషను ఆపి వేశాడు. ఇద్దరూ నిలబడి చూస్తూ ఉన్నారు. మిషను లెక్క పెట్టుకుంది, కూసింది, ఆలోచించుకుంది. చివరికి తెర మీద డాస్ కొత్త నంబరుతో సహా తేలింది. దాని కింద చిన్న గీత ఆరుతూ వెలుగుతూ, ఏం చెయ్యమంటారని అడుగుతున్నట్టు నిలబడింది.

"లేచింది" అన్నాడు సత్యానందం.

"ఇంక బయల్దేరండి. బస్సు వేళయింది."

అతను కుర్చీని బల్ల కిందికి జరిపాడు.

"టిక్కెట్టు ఒకటే తీయండి" అంది హన్నా.

అతను ఆమె వంక చూశాడు. ఏదో అనబోయి, అనడానికి తనకింక హక్కు లేదనుకున్నాడో ఏమో, తల ఊపి లోపలికి వెళ్ళాడు. సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. అరుగు మీద చెప్పులు తొడుక్కుంటుంటే సరోజిని ఎదురింటి నుంచి గొడుగు దులుపుకుంటూ వచ్చింది.

"ఏమైందిరా? మార్చేరా?"

"మార్చేం."

గదిలో హన్నా కుర్చీలో కూర్చుని ఉత్తరాల ప్రోగ్రాం పేరు కొట్టింది. సోమవారం దుర్గారావు ఉత్తరం టైపు చెయ్యాల్సింది ఇందులోనే. ఎంటర్ నొక్కింది. మిషను ఎర్ర దీపం వెలిగించి కాసేపు తంటాలు పడింది. దీపం ఆరింది. ప్రోగ్రాం మెమరీలో పట్టదని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది.

హన్నా మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. మిషను ఆపి, మొదట్నుంచీ లేపి, మూడోసారి కొట్టింది. ఈసారి ఆ వాక్యం చదవకుండానే చూసింది.

పొద్దున్న అతను చెప్పింది నిజం. ఆ నిజాన్ని ఆమె నమ్మలేదు. ఇందాక అతను ఊరుకున్నప్పుడు, ఏమైనా ఉంటే చెప్పకపోడని మాత్రం నమ్మింది. పాత డాస్ ఎక్కడా లేదు. మిషనులో లేదు, భోజనాల బల్ల మీద ఉన్నది పౌడరు కింద ఉంది.

"అమ్మాయ్!" కిటికీ దగ్గరకొచ్చి పిలిచింది సరోజిని. ఆమె గొంతులో పొద్దుటి ధీమా లేదు. "పనిచేస్తోందా? నా మూలాన నీకేం నష్టం రాలేదు కదా తల్లీ?"

సత్యానందం గేటు గడియ మీద చెయ్యి వేసి ఆగాడు. గొడుగు తెరవలేదు. వాన మొహం మీద పడుతుంటే కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు హన్నా పనిచెయ్యడం లేదంటే చాలు. అతను సంచీ కింద పెట్టి వెనక్కొస్తాడు. చేతనైతే ఏదో ఒకటి చేస్తాడు. చేతకాకపోతే టిక్కెట్లు రెండవుతాయి.

హన్నా తెర మీది వాక్యాన్ని చూసింది. కిటికీలోంచి అతన్ని చూసింది.

"ఆయ్, పనిచేస్తోందండి అత్తయ్యగారూ" అంది. "చక్కగా పనిచేస్తోంది."

"దేవునికి స్తోత్రం" అంది సరోజిని, గుండెల మీద చెయ్యి వేసుకుని.

సత్యానందం ఆ మాట విన్నాడు. ఆ మిషనులో చోటెంతో, కొత్త డాస్ ఎంత తింటుందో అమలాపురం మొత్తం మీద తెలిసిన మనిషి అతనొక్కడే. అతను గేటు దగ్గర నుంచే అడిగాడు.

"అయితే ఒకటే కదా?"

"ఒకటేనండి."

అతను తల ఊపి, గొడుగు తెరుచుకుని బస్టాండు వైపు నడిచాడు.